పిలుపునందలి ధర్మము

భగవంతుడు మానవునకొసంగిన శక్తులలో వాక్కు మిక్కిలి సూక్ష్మమైనది. కత్తి తగిలిన గాయము కంటికి కనబడును. దానికి కట్టు కట్టవచ్చును. మాట తగిలిన గాయము కనబడదు. గాయపడినవాడు తప్ప దాని లోతును వేఱొకడెఱుగజాలడు. అందువలననే శాస్త్రములు వాక్కును ఉపేక్షింపలేదు. భగవద్గీత పదునేడవ అధ్యాయము తపస్సును శారీరము, వాఙ్మయము, మానసము అని మూడు విధములుగ విభజించి, వాక్కునకు సంబంధించిన తపస్సునకు లక్షణములను చెప్పినది. పలుకు వినువాని మనస్సును కలతపెట్టరాదు, సత్యమై యుండవలెను, ప్రియమై యుండవలెను, హితమై యుండవలెను. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను ఆ పలుకు తపస్సు కాజాలదని శంకరభగవత్పాదులు తమ భాష్యమున వివరించిరి.

సాధారణముగ ఈ ఉపదేశమును కోపమునకు మాత్రమే అన్వయించుకొందురు. పరుషముగ పలుకరాదు, పరనింద చేయరాదు అని గ్రహించి సాధకుడు తృప్తినొందును. కాని కోపము లేక, ద్వేషము లేక, కేవలము అలవాటుచే నోట వెలువడు పదముల సంగతి యేమి? తాతముత్తాతలనుండి వచ్చిన పదము, వృత్తిలో నేర్చిన పదము, ఎవ్వరిని ఉద్దేశింపక పలికిన పదము ఒకని హృదయమును గాయపఱచినచో ఆ దోషమెవనిది? పలికినవాడు దానిని విడువవలెనా? లేక వినినవాడే మనస్సును దృఢము చేసికొనవలెనా?

ఈ ప్రశ్న ఇటీవలి కాలమున ఎవ్వరును ఊహింపని తావున తలయెత్తినది. అది కంప్యూటరు ప్రోగ్రాములను నిర్మించువారి లోకము.

యంత్రములకు పెట్టిన పేర్లు

సమాచారమును భద్రపఱచు పెద్ద వ్యవస్థలలో ఒకే సమాచారమును అనేక కంప్యూటర్లయందుంచుదురు. ఒకటి చెడినను మఱియొకటి పనిచేయుటకై ఈ ఏర్పాటు. వానిలో ఒకటి క్రొత్త సమాచారమును స్వీకరించి వ్రాసికొనును. తక్కినవి దానిని చూచి నకలు వ్రాసికొనును. మొదటిదానికి మాస్టర్ అనియు, తక్కినవానికి స్లేవ్ అనియు ఇంజనీర్లు పేర్లు పెట్టిరి. మాస్టర్ అనగా యజమాని. స్లేవ్ అనగా బానిస. అట్లే లోనికి రానీయదగనివాని పట్టికను బ్లాక్‌లిస్టు అనియు, రానీయదగినవాని పట్టికను వైట్‌లిస్టు అనియు పిలిచిరి. నలుపు నిషిద్ధము, తెలుపు అంగీకృతము అను భావము ఆ పేర్లలో నిమిడియున్నది.

యజమాని, బానిస అను ఈ జంట కంప్యూటర్లతో పుట్టినది కాదు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నక్షత్రశాలలో ఒక గడియారము నడకను మఱియొకటి అనుసరించునట్లు చేసిన ఏర్పాటును వర్ణించుచు 1904లో డేవిడ్ గిల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు స్లేవ్ పదమును వాడెనని సాంకేతిక చరిత్రకారులు గుర్తించిరి. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేసిన చట్టము అమలులోనికి వచ్చి అప్పటికి డెబ్బది సంవత్సరములైనది. మనుష్యులనుండి తొలగిన పేరు యంత్రములకు వచ్చి చేరినది. పిమ్మట అది వాహనముల బ్రేకులలోని సిలిండర్లకు, రైల్వే స్టేషన్లలోని గడియారములకు, చివరకు కంప్యూటర్లకు వ్యాపించినది.

2003లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ అధికారులు తమకు పరికరములమ్మువారిని ఈ పేర్లు మానుడని కోరిరి. చాలమంది నవ్విరి. 2014లో జాంగో అను ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ నిర్మాతలు ఆ పేర్లను విడిచి ప్రైమరీ, రెప్లికా అను పేర్లను గ్రహించిరి. మొదటిది ప్రధానము, రెండవది ప్రతిరూపము. 2018లో పైథాన్ భాషను పోషించువారును అట్టి మార్పునే చేసిరి. 2020 మే నెలలో మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుడు పోలీసువాని మోకాలిక్రింద ప్రాణములు విడిచెను. ఆ ఘోరము లోకమును కదలించినది. ఆ సంవత్సరము జూలైలో లైనక్స్ నిర్మాతలు క్రొత్తగ వ్రాయు ప్రోగ్రాములలో ఇట్టి పదములను మానవలెనని నియమమేర్పఱచిరి. అక్టోబరునుండి గిట్‌హబ్ సంస్థ క్రొత్త ప్రోగ్రాముల ప్రధాన శాఖకు మాస్టర్ అను పేరును తొలగించి మెయిన్ అను పేరుంచినది.

ఈ మార్పులు వాదములేక జరిగినవి కావు. మార్పు వలదనువారి పక్షమున బలమైన మాటలే కలవు. యంత్రమునకు మానావమానములు లేవు. పదమును పలుకువాని మనస్సున బానిసత్వపు తలంపే లేదు. మాస్టర్ అనగా మూలప్రతి యనియు, విద్యలో ఆఱితేఱినవాడనియు అర్థములు కలవు. పేరు మార్చినచో దానిపై నాధారపడిన వేలకొలది ప్రోగ్రాములు చెడును. ఆ శ్రమ ఎవరికి? పేరు మార్చినంతమాత్రమున ఒక్క నల్లజాతీయునకైనను ఉద్యోగము వచ్చునా? ఇది చవుకైన పుణ్యము కాదా?

మార్పు వలెననువారును ఊరకుండలేదు. ప్రపితామహుడు సంతలో అమ్మబడిన కుటుంబమున పుట్టినవాడు ప్రతిదినమును ఆ పదమును వ్రాయవలసి యున్నది. అతనికది గడియారము పేరు కాదు, వంశచరిత్ర. ఒక్క పదమును మార్చుటకు కలుగు శ్రమ, ఆ పదమును భరించుటకు కలుగు శ్రమకంటె నెక్కుడా?

ఖరగ్‌పూర్ స్టేషనులో

ఈ వివాదము అమెరికా దేశమునకే చెందినదని తోచవచ్చును. కాని దానిని పశ్చిమబెంగాలులోని ఖరగ్‌పూర్ పట్టణమునకు తెచ్చి విచారించినచో అదెంత సమీపమైనదో తెలియును.

ఖరగ్‌పూర్ రైలువలన పుట్టిన పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే అచట గొప్ప కర్మశాలను నెలకొల్పినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు వేలకొలదిగ అచటికి పోయి, కొలిమియొద్దను, పట్టాలమీదను పనిచేసి, తరములుగ నచటనే స్థిరపడిరి. మథురాకాటి, నింపురా వీథులలో నేటికిని తెలుగు వినబడును. ఆ రైల్వే కార్మికుల సంఘమును నడపి, 1928లో అహింసాత్మకమైన సమ్మెకు నాయకత్వము వహించిన వరాహగిరి వేంకటగిరి 1969లో భారత రాష్ట్రపతి యయ్యెను. అదే పట్టణమున భారతదేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి.ని 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ప్రారంభించెను. పెట్టెలు మోయువాడును, ప్రోగ్రాములు వ్రాయువాడును ఒకే ప్లాట్‌ఫారముమీద ఎదురుపడు పట్టణమది.

అచటి తెలుగు కుటుంబమునొకదానిని ఊహింపవచ్చును. తాత కర్మశాలలో ఖలాసీగ చేరి వృద్ధుడై విరమించినవాడు. మనుమడు చదువుకొని బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరైనవాడు. దసరాకు ఇంటికి వచ్చెను. భోజనమైన పిమ్మట మనుమడు తన కార్యాలయములోని చర్చను చెప్పి, “తాతా, యంత్రమును బానిస యని పిలిచినచో అది యేడ్చునా? అమెరికావారి పాపమునకు ఖరగ్‌పూరువాడు ప్రాయశ్చిత్తము చేసికొనుట యేమి?” యనెను.

తాత కొంతసేపూరకుండి, “నాయనా, ఉదయము స్టేషనులో నీ పెట్టె మోసినవానిని ఏమని పిలిచితివి?” అని యడిగెను.

“కూలీ అని పిలిచితిని. అందఱును అట్లే పిలుతురు గదా?”

“కోపముతో పిలిచితివా?”

“లేదు తాతా.”

“పిలిచినప్పుడు అతని ముఖమును చూచితివా?”

మనుమడు బదులు చెప్పలేదు. అతడు చూచినది ఎఱ్ఱచొక్కాను, భుజమునకు కట్టిన ఇత్తడి బిళ్ళను మాత్రమే.

ఒక తెలుగు మాట చేసిన ప్రయాణము

కూలి యను పదమున స్వతఃసిద్ధమైన దోషమేదియు లేదు. తెలుగునను, తమిళమునను కూలి యనగా పనికి ప్రతిఫలము. ఆంగ్లములోని కూలీ పదము ఈ ద్రావిడశబ్దమునుండి వచ్చినదని కొందఱును, ఘూర్జరదేశపు కోలీ జాతి నామమునుండి వచ్చినదని కొందఱును చెప్పుదురు. ఎట్లైనను చెమటోడ్చి సంపాదించిన కూలికంటె పవిత్రమైన ధనము వేఱొకటి లేదు.

కాని మాటలును మనుష్యులవలెనే ప్రయాణము చేయును. దారిలోని బురద వానికంటును. బానిసత్వము రద్దైన పిమ్మట చెఱకుతోటల యజమానులకు పనివారు కావలసివచ్చిరి. ఒప్పందపు పత్రములపై వ్రేలిముద్రలు వేయించి భారతీయులను మారిషస్‌నకు, కరీబియన్ దీవులకు, ఫిజీకి, దక్షిణాఫ్రికాకు నోడలపై తరలించిరి. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో అను నోడ డర్బన్ చేరినది. అందు తమిళులతోబాటు తెలుగువారును కలరు. ఆ దేశములలో కూలీ అనగా కూలి తీసికొనువాడని కాక, భారతీయుడని అర్థమైనది. పిమ్మట మనిషికంటె తక్కువవాడని యర్థమైనది. బారిష్టరు పట్టము పొందిన గాంధీమహాత్ముని సయితము అచట కూలీ బారిష్టరనిరి. అన్నము పెట్టిన తెలుగుమాట సముద్రము దాటి తిట్టుగ మాఱినది. మారిషస్‌లో ఆ శ్రామికులు దిగిన రేవును కూలీ ఘాట్ అనెడివారు. నేడది ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది.

కావున పదమునకు నిఘంటువులోని యర్థము ఒక్కటే కాదు. అది యెవరిచే, ఎవరిపై, ఎంతకాలము, ఏ విధమున ప్రయోగింపబడినదో ఆ చరిత్ర యంతయు దానిలో నుండును. “మా మనస్సున చెడు లేదు” అనుట సత్యమే కావచ్చును. అది పలికినవానిని ద్వేషమను దోషమునుండి విముక్తుని చేయును; వినినవాని గాయమును మాన్పజాలదు. కుంటివానిని చూచి, ‘నీవెట్లు కుంటివాడవైతివి?’ అని యడుగరాదని శ్రీరామకృష్ణులు బోధించెడివారు. శ్రీశారదాదేవి ఆ మాటను జ్ఞప్తికి తెచ్చుచు, పరుషవాక్కువలన పలుకువాని స్వభావమే కఠినమగునని హెచ్చరించెడిది. అడుగువానికి ద్వేషము లేకపోవచ్చును. ప్రశ్న సత్యమునకు విరుద్ధమును కాకపోవచ్చును. ఐనను అది యొక జీవుని కలతపెట్టును. వాక్తపస్సునకు మొదటి లక్షణమిదియే. తెలియక చేసినది అజ్ఞానము. తెలిసిన పిమ్మటను కొనసాగించినది హింస.

ఇక ఇతర దేశముల దుఃఖము తనది కాదను వాదమునకు స్వామి వివేకానందుని జీవితమే సమాధానము. అమెరికాలో సంచరించునప్పుడు ఆయనను నల్లజాతీయుడని భ్రమపడి కొన్నిచోట్ల లోనికి రానీయలేదు. తాను భారతదేశపు సన్న్యాసినని ఒక్కమాట చెప్పినచో తలుపులు తెఱచుకొనెడివి. ఆయన ఆ మాట చెప్పలేదు. ఏల చెప్పలేదని మిత్రులు తరువాత అడుగగా, వేఱొకని తక్కువచేసి తాను పైకి వచ్చుటయా యని ఆయన ఆశ్చర్యపడెను. 1893లో చికాగో సభను సోదరీసోదరులని సంబోధించిన నోరు ఆ నోరే. ఆ సంబోధనము మర్యాద కొఱకు పలికినది కాదని తలుపులు మూసినచోట ఆయన వహించిన మౌనమే ఋజువుచేయుచున్నది.

సత్యము, ప్రియము

రెండవ లక్షణము సత్యము. పేరు వస్తువు స్వభావమును తెలుపవలెను. కంప్యూటర్ల వ్యవస్థలో మాస్టర్ అనబడునది చెడిపోయినచో, స్లేవ్ అనబడువానిలో నొకటి దాని స్థానమునకు వచ్చును. ఏ బానిస యజమాని మరణించినంతనే యజమాని యయ్యెను? స్లేవ్ అనబడునది నిజముగ చేయుచున్నది నకలు వ్రాసికొనుట. దానిని ప్రతిరూపమనుటయే యథార్థము. బ్లాక్‌లిస్టనుటకంటె నిషిద్ధుల పట్టిక యనుట క్రొత్తగ నేర్చువానికిని తేటగ తెలియును. కావున ఇచట కరుణయు, యథార్థమును ఒకే మాటను చూపుచున్నవి. ఐతే మూలప్రతి యను నర్థమున మాస్టర్ అనుచోట ఈ వాదము అంత బలముగ వర్తింపదు. అట్టిచోట మార్చినవాడును, మార్చనివాడును పరస్పరము దూషించుకొనుట తగదు. ప్రతి పదమును ఒకే త్రాసున తూచుట వివేకము కాదు.

మూడవది ప్రియము. ఎవరికి ప్రియము? పేరు పెట్టువానికి కాదు, పేరు మోయువానికి. ఈ విషయమున భారతదేశపు అనుభవము లోకమునకు పాఠము కాదగినది. గాంధీమహాత్ముడు అస్పృశ్యులనబడినవారిని హరిజనులని పిలిచి, 1933లో ఆ పేరనే పత్రికను స్థాపించెను. ఆయన హృదయమున ప్రేమ తప్ప మఱియొకటి లేదు. ఐనను అంబేడ్కర్ మహాశయుడు ఆ పేరును అంగీకరింపలేదు. అది దయతో నిచ్చిన పేరు, హక్కుతో వచ్చిన పేరు కాదని ఆయన పక్షము వారు భావించిరి. నేడు ప్రభుత్వ వ్యవహారములలో ఆ పదమును వాడరాదను ఆదేశములు కలవు. అంతకు పూర్వమే, 1917లో, బెజవాడయందు పంచమ మహాసభ యను పేర సమావేశమైనవారు అధ్యక్షుడైన భాగ్యరెడ్డివర్మ నాయకత్వమున ఆ పేరును త్రోసిపుచ్చి, తాము ఆది ఆంధ్రులమని ప్రకటించుకొనిరి. పంచమ శబ్దము ఇతరులు పెట్టినది; ఆది ఆంధ్ర శబ్దము తాము నిలబడి పలికినది. ఇటీవల, 2015లో, వికలాంగులను దివ్యాంగులనవలెనను పిలుపు వచ్చినప్పుడును, తమకు దివ్యత్వము కాదు, మెట్లులేని దారియు చదువును కావలెనని వారిలో అనేకులు పలికిరి. సదుద్దేశముతో పెట్టిన పేరైనను, అడుగక పెట్టినచో అది పూర్ణముగ ప్రియము కాజాలదు.

కావున సాఫ్ట్‌వేర్ కార్యాలయములందలి చర్చలోను మొదట వినవలసిన కంఠము ఆ పదము తగిలినవానిది. అతడు లేని గదిలో అతని పక్షమున పదిమంది కోపించుట సేవ కాదు. అతడు చెప్పిన పిమ్మట పదిమంది నవ్వుటయు ధర్మము కాదు.

హితము

నాలుగవ లక్షణము హితము. ఇదియే మిక్కిలి కష్టమైన పరీక్ష. ఖరగ్‌పూరువంటి స్టేషన్లలో పెట్టెలు మోయువారు అనుమతిపత్రము గలవారేకాని రైల్వే ఉద్యోగులు కారు; వారికి జీతము లేదు; ప్రయాణికులిచ్చు కూలియే ఆధారము. 2008 నాటి రైల్వే బడ్జెటులో వారిని గ్యాంగ్‌మన్ ఉద్యోగములలోనికి తీసికొందుమని ప్రకటించిరి. అనేకులకు నెలజీతము లభించినది. 2016 ఫిబ్రవరిలో వచ్చిన రైల్వే బడ్జెటులో కూలీలను ఇకపై సహాయకులని పిలువవలెనని ప్రకటించిరి. సహాయకుడు చక్కని పేరు. కాని మొదటిది బ్రదుకును మార్చినది; రెండవది పిలుపును మార్చినది. ఒకదానికి మఱియొకటి బదులు కానేరదు. పిలుపు మార్చి, బరువుకు తగిన కూలి యీయక బేరమాడినచో క్రొత్త పేరు వెక్కిరింతయే యగును. అట్లని బ్రదుకు మాఱువఱకు పిలుపును మార్చనవసరము లేదనుటయు కుతర్కమే. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకు ముందు కూర్చుండుమని గౌరవముగ పలుకుట వ్యర్థము కాదు గదా!

హితమును చూచునప్పుడు మార్పువలన కలుగు నష్టమును సయితము చూడవలెను. లైనక్స్ నిర్మాతల నియమమున ఈ వివేకము కనబడుచున్నది. క్రొత్తగ వ్రాయువానిలో మంచి పదమును వాడవలెను. కాని పాత పేరుపై నాధారపడిన ప్రోగ్రాములు చెడునట్లయినచో దానిని కొంతకాలముండనీయవచ్చును. సంస్కారమనగా విధ్వంసము కాదు. పాత ఇంటిలో జనము నివసించుచుండగా పునాదిని త్రవ్వరాదు.

చరిత్రను తుడిచివేయుదురేమో యను భయమును కొందఱికి కలదు. దీనికిని ఖరగ్‌పూరులోనే సమాధానము కలదు. ఐ.ఐ.టి. మొదట నెలకొన్న భవనము ఆంగ్లేయుల కాలమున హిజ్లీ నిర్బంధ శిబిరము. 1931 సెప్టెంబరు 16న పోలీసులు అచటి నిరాయుధులైన బందీలపై తుపాకులు కాల్పగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త యను నిరువురు మరణించిరి. రవీంద్రనాథ టాగూరు బహిరంగసభలో ఆ దుష్కృత్యమును ఖండించెను. నేడా భవనము హిజ్లీ షహీద్ భవన్. చెఱసాల పేరు పోయినది. చెఱసాల జ్ఞాపకము పోలేదు. పైగా హింసించినవారి పేరున కాక, హింసింపబడినవారి పేరున నిలిచినది. పేరును మార్చుట మఱపుకొఱకు కాక స్మృతికొఱకు సయితము కావచ్చునని ఆ గోడలు చాటుచున్నవి.

దాసుడెవడు?

ఇచట భక్తునకొక సందేహము కలుగవచ్చును. దాసశబ్దము అంత దూష్యమైనచో భక్తులు దానినేల కోరి ధరించిరి? ఆంజనేయునకు రామదాస్యముకంటె గొప్ప పదవి లేదు. కంచర్ల గోపన్న రామదాసై తెలుగువారి హృదయములలో నిలిచెను. అహంకారము పూర్తిగ పోనిచో దానిని భగవంతుని దాసునిగ నుండనిమ్మని శ్రీరామకృష్ణులు చెప్పెడివారు. దానిని పక్వమైన ‘నేను’ అనెడివారు. ఇట్టి పవిత్రశబ్దమును విడువవలెనా?

విడువనక్కఱలేదు. భేదము పదమున లేదు. అది వచ్చిన దారిలో నున్నది. భక్తుడు దాసనామమును తనకు తానే, ప్రేమచే, భగవంతునియెదుట తీసికొనును. బానిసకు ఆ నామమును వేఱొక మనుష్యుడు బలముచే తగిలించును. మొదటిది భూషణము; రెండవది సంకెల. గోల్కొండ చెఱసాలలో గోపన్న బందీయై యుండెను. ఆ చెఱ అతనిని సుల్తానునకు దాసుని చేయలేదు. అతడు రామునికే దాసుడు. ఎవని యంతఃకరణము భగవంతునకే దాస్యము చేయునో వాడు మనుష్యునకు బానిస కాడు, మఱియొక మనుష్యుని బానిస యనలేడు. అందఱిలో తన ప్రభువే యుండగా ఎవనిని బానిస యని పిలుచును?

కావున వినయనామము తనకు మాత్రమే పెట్టుకొనదగినది. ఇతరులకు గౌరవనామమే యీయదగినది. తనను దాసుడనుకొనుట సాధన. ఇతరుని దాసుడనుట అపచారము. ఈ చిన్న నియమమును గుర్తించినచో సాఫ్ట్‌వేర్ పదముల వివాదములో సగము తీఱిపోవును.

మిగిలిన సగము చిత్తశుద్ధికి సంబంధించినది. పదమును మార్చువానికి పొంచియున్న శత్రువు గర్వము. తాను శుద్ధుడననియు, పాత పదమును పలికినవాడు పాపియనియు తలచినచో, అతడు ఒక బ్లాక్‌లిస్టును తొలగించి మఱియొకదానిని తన హృదయమున వ్రాసికొనినవాడగును. మార్పును వలదనువానికి పొంచియున్న శత్రువు మొండితనము. అలవాటును హక్కని భ్రమించి, ఒక సోదరుని బాధకంటె నోటి సౌఖ్యము గొప్పదని తలచినచో, అతడు పదమునకే బానిస యగును. ఇరువురును ఆత్మపరీక్ష చేసికొన్న పిమ్మట చర్చించినచో ఆ చర్చయే స్వాధ్యాయమగును. గీత స్వాధ్యాయమునుగూడ వాక్తపస్సులోనే చేర్చుటకు ఇదియు నొక కారణముగ భావింపవచ్చును.

సెలవు ముగిసినది. మనుమడు బెంగుళూరునకు బయలుదేరెను. ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము వేయి మీటర్లకు పైగ పొడవైనది. ఒకప్పుడు లోకములోనే దీర్ఘమైనదని పేరొందినది. దాని చివరవఱకు పెట్టె మోయవలసియున్నది. ఎఱ్ఱచొక్కా ధరించినవాడొకడు దగ్గఱకు వచ్చెను. మనుమడు నోరు తెఱచి, క్షణమాగెను. కూలీ యనలేదు, సహాయకుడా యని కూడ అనలేదు. అతని ముఖమును చూచి, “భాయీ, మీ పేరేమి?” అని హిందీలో నడిగెను.

ఆతడు పేరు చెప్పెను. అది తెలుగు పేరు. అతని తాతయు శ్రీకాకుళమునుండియే వచ్చెనట. పెట్టె బరువు తగ్గలేదు. కూలియు అడిగినంత యిచ్చుటయే తగియుండెను, ఇచ్చెను. కాని ఆ పొడవైన ప్లాట్‌ఫారముమీద వారిరువురును చివరవఱకు మాటాడుకొనుచు నడచిరి.

ప్రతి జీవునియందును నారాయణుడున్నాడని నమ్మువానికి ప్రతి పిలుపును ప్రార్థనయే. పిలువబోవు ముందు ఒక్క క్షణమాగి ఎదుటివాని ముఖమును చూచుట ఆ ప్రార్థనకు ఆచమనము. అట్లు చూచినవానికి ఏ పదమును విడువవలెనో, ఏ పదమును గ్రహింపవలెనో హృదయమే బోధించును.